జీపు ఊపిరి: పాత వాహనాల గాలి మార్గంలో మార్పులు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాత జీపులలోను, ఆ కోవకు చెందిన ఇతర వాహనాలలోను ఇంజను గాలి పీల్చుకునే మార్గాన్ని మార్చుకోవడం ఇటీవలి యువకుల సరదాగా పలువురు భావిస్తారు. కాని ఈ మార్పులకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దుమ్ము, నీరు, శక్తి, చట్టం అనే నాలుగు ఒత్తిళ్ల మధ్య ఈ మార్గం ఎలా రూపుదిద్దుకున్నదో, మన ప్రాంతంలో జీపు వాడుక దానికి ఏ కొత్త అర్థాన్ని చేర్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటీవలి మార్పులలో కొన్ని ఆ చరిత్ర నేర్పిన పాఠానికి ఎదురు నడుస్తున్నాయన్నది ఇందులోని ప్రధాన వాదం.

కీలకపదాలు: జీపు, ఎయిర్ క్లీనర్, ఆయిల్ బాత్, పేపర్ ఫిల్టర్, స్నార్కెల్, మోటారు వాహనాల చట్టం, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘జీపు’ అనే మాట ఒక కంపెనీ పేరుగా వచ్చి జాతివాచకంగా స్థిరపడింది. పోలీసువారు బొలేరోలో వచ్చినా ఊరివారు ‘జీపు వచ్చింది’ అనే అంటారు. ఎత్తుగా, మోటుగా ఉండి, దారి లేనిచోట కూడా దారి చేసుకుపోయే బండి ఏదైనా మన వాడుకలో జీపే. ఎస్‌యూవీ అనే మాట పత్రికలలోకి, ప్రకటనలలోకి రాకముందే ఆ భావానికి మనకు ఒక పేరు ఉందన్నమాట. ఈ వ్యాసంలో జీపు అన్న పదం ఆ విస్తృతార్థంలోనే వాడబడింది.

వాహన చరిత్ర రచనలో సాధారణంగా ఇంజను శక్తి, కంపెనీల ఒప్పందాలు, అమ్మకాలు చోటు చేసుకుంటాయి. ఇంజనులోకి గాలి ఎట్లా వెళుతుంది అన్న ప్రశ్నను చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి ఇంజను తినేది ఇంధనం కంటే గాలే ఎక్కువ. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఘనపరిమాణంలో లెక్కిస్తే లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి అవుతుంది. వంద కిలోమీటర్లకు పది లీటర్లు తాగే పాత జీపు ఆ ప్రయాణంలో 90 ఘనమీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలితోబాటు దారిలో ఉన్నదంతా లోపలికి వస్తుంది. మట్టిరోడ్డు మీద ముందు మరో బండి పోతూ ఉంటే వచ్చేది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

2. దుమ్ము – తొలి వడపోతలు:

దుమ్ములోని ప్రధానాంశం సిలికా, అంటే సన్నని ఇసుక. మోస్ కాఠిన్య మానంలో దాని స్థానం 7. సిలిండరు గోడకు వాడే పోత ఇనుము దానికంటే మెత్తనిది. కంటికి కనిపించే పెద్ద రేణువుల కన్న, పిస్టను రింగుకూ గోడకూ నడుమ ఉండే పలుచని నూనె పొరలో ఇమిడిపోగల సూక్ష్మ రేణువులే ఎక్కువ హాని చేస్తాయి. అవి నూనెతో కలిసి నూరుడు పిండిలా పనిచేసి గోడను, రింగులను అరగదీస్తాయి. అప్పుడు ఇంజను ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది, పొగ కొడుతుంది. చివరకు మన మెకానిక్కుల మాటలో ‘బోరుకొస్తుంది’.

ఈ సమస్య మొదట తీవ్రంగా ఎదురైనది కార్లకు కాదు, ట్రాక్టర్లకు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో చాలా మోటారు బండ్లకు వడపోత అన్నదే లేదు. కార్బురేటరు నోరు తెరిచి ఉండేది. పట్టణ రహదారుల మీద ఎలాగో గడిచిపోయింది గాని, పొడినేల దున్నుతూ తాను లేపిన దుమ్మునే పీల్చుకునే ట్రాక్టరుకు అది గడవలేదు. అమెరికాలో ట్రాక్టరు కంపెనీ తరఫున పనిచేసిన ఫ్రాంక్ డోనాల్డ్‌సన్ యూటా ప్రాంతపు రైతు ట్రాక్టరు దుమ్ము వలన పదేపదే పాడవడం చూసి వడపోత ఒకటి రూపొందించాడు. 1915లో ఆయన పేరుతో మిన్నెసోటాలో ఏర్పడిన సంస్థ నేటికీ వడపోతల తయారీలో ఉంది. ఒక రైతు ఫిర్యాదు నుంచి ఒక పరిశ్రమ పుట్టిందన్న విషయం వ్యవసాయ ప్రాంతాల వాళ్లమైన మనకు ఆసక్తి కలిగించేదే.

ఆ తరువాతి దశకాలలో స్థిరపడిన పద్ధతి ఆయిల్ బాత్. దీని పనితీరు సరళం. డబ్బా అడుగున కొంత ఇంజను ఆయిల్ పోస్తారు. పైనుంచి దిగిన గాలి నూనె ఉపరితలం దాకా వచ్చి ఒక్కసారిగా వెనుదిరిగి పైకి పోవాలి. గాలి తేలిక కనుక తిరుగుతుంది. దుమ్ము రేణువు బరువు కనుక మలుపు తిరగలేక నూనెలో పడుతుంది. మిగిలిన సన్నని ధూళిని పైనున్న తీగల జాలి పట్టుకుంటుంది. గాలి వేగానికి ఎగసిన నూనె తుంపరలు ఆ జాలిని తడిపి, తిరిగి కిందికి జారుతూ మురికిని తమతో తీసుకుపోతాయి. అంటే వడపోత తనను తానే కడుక్కుంటుంది. కొత్త భాగం కొనే పని లేదు; మడ్డి నూనె పారబోసి, డబ్బాను కిరసనాయిలుతో కడిగి, గీత వరకు కొత్త నూనె పోస్తే చాలు. దుకాణానికి దూరంగా ఉన్న పొలానికి, సైన్యానికి ఇంతకన్న అనుకూలమైన ఏర్పాటు దొరకదు.

3. యుద్ధం – రెండు భిన్న మార్పులు:

1941లో ఉత్పత్తి ప్రారంభమైన విల్లీస్ ఎంబీ జీపుకు ఆయిల్ బాత్ వడపోతనే అమర్చారు. బానెట్ ఎత్తి చూస్తే ఇంజనుకు ఒక పక్కన కార్బురేటరు, మరో పక్కన వడపోత డబ్బా, రెంటినీ కలుపుతూ ఇంజను తలమీదుగా దాటిపోయే గొట్టం కనిపిస్తాయి. ఇంత చిన్న బండిలో వడపోతకు ఇంత చోటు ఇవ్వడమే దాని ప్రాధాన్యాన్ని చెబుతుంది. 2.2 లీటర్ల, 60 అశ్వశక్తుల ఆ ఇంజను నుంచి ఒకటి రెండు అశ్వశక్తులు అదనంగా పిండుకోవడం కంటే, ఎడారిలోనైనా ద్వీపంలోనైనా అది ఆగకుండా తిరగడమే రూపకర్తలకు ముఖ్యమైంది.

అయితే అదే యుద్ధంలో దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. అది వాహనానిది కాదు, విమానానిది. ఉత్తరాఫ్రికా, మాల్టాలకు పంపిన స్పిట్‌ఫైర్ విమానాలకు ముక్కు కింద వోక్స్ వడపోతను బిగించారు. దుమ్ము ఆగింది గాని, విమానం వేగమూ పైకెక్కే శక్తీ తగ్గాయి. శత్రువు విమానంతో తలపడే పైలటుకు ఆ తగ్గుదల ప్రాణాల మీదికి వచ్చే విషయం. అప్పుడు ఈజిప్టులోని అబూకిర్ వద్దనున్న బ్రిటిష్ వాయుసేన మరమ్మతు కేంద్రపు పనివారు తామే చిన్నదైన, గాలికి తక్కువ అడ్డుపడే వడపోతను తయారుచేసి బిగించారు. కర్మాగారం ఇచ్చినదాన్ని క్షేత్రంలో మార్చుకోవడానికి ఇది గొప్ప ఉదాహరణ. గమనించవలసిన విషయం ఏమిటంటే, అబూకిర్ పనివారు వడపోతను తీసివేయలేదు. రక్షణను నిలుపుకుంటూ అడ్డును తగ్గించారు. తరువాతి కాలపు మార్పులను తూచడానికి ఈ వ్యత్యాసం మనకు కొలబద్దగా ఉపయోగపడుతుంది.

రెండో మార్పు నీటి కోసం జరిగింది. 1944 జూన్ 6న నార్మండీ తీరంలో దిగిన జీపులు పడవల నుంచి సముద్రంలోకి దిగి ఒడ్డుకు చేరాలి. అందుకోసం విద్యుత్ భాగాలకు నీరు చొరని లేపనం పూసి, గాలి గొట్టాన్ని, పొగ గొట్టాన్ని నీటిమట్టానికి పైకి ఎత్తి కట్టారు. అది ఒడ్డు చేరేదాకా పనికివచ్చే తాత్కాలిక ఏర్పాటు. 1950లో వచ్చిన ఎం38 జీపులో ఈ అనుభవం రూపకల్పనలోకే ఎక్కింది. నీరు చొరని 24 వోల్టుల విద్యుత్ వ్యవస్థ, లోతు నీటిలో నడవడానికి గొట్టాల అమరిక దానికి సమకూర్చారు. ఈ ఎత్తు గొట్టానికి స్థిరపడిన ‘స్నార్కెల్’ అనే పేరు జలాంతర్గాముల నుంచి వచ్చింది. నీటిలో మునిగి ఉండగానే డీజిలు ఇంజను నడపడానికి డచ్చి నౌకాదళం మొదలుపెట్టిన గాలి గొట్టాన్ని జర్మన్లు తీసుకుని ‘ష్నోర్కెల్’ అన్నారు. ఆ పేరే ఆంగ్లంలోకి, అక్కడి నుంచి మన మెకానిక్కుల నోటికి వచ్చింది.

4. జీపు మన నేలకు రావడం:

ముంబయిలోని మహీంద్రా సంస్థ 1940ల చివర విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించింది. తరువాత దశాబ్దాల పాటు ఇక్కడ తయారైన సీజే-3బీ నమూనాను విల్లీస్ సంస్థ 1953లో విడుదల చేసింది. ఎత్తయిన బానెట్‌తో దాన్ని ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఆ ఎత్తుకు కారణం గాలి మార్గమే. పాత ఇంజనులో గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు రెండూ సిలిండరు పక్కనే ఉండేవి. కొత్త హరికేన్ ఇంజనులో గాలి వాల్వును సిలిండరు పైకి మార్చారు. దారి సూటిగా, వెడల్పుగా అయింది. ఘనపరిమాణం పెరగకుండానే, సంపీడన నిష్పత్తిని కొద్దిగా పెంచి, 60 నుంచి 70కి పైబడిన అశ్వశక్తులు సాధించారు. ఇంజను ఎత్తు పెరిగింది. బానెట్ పైకి లేచింది. గాలి కోసం బండి ముఖమే మారిపోయిన సందర్భమిది. గాలి మార్గంలో మార్పు వల్ల శక్తి పెరగడం అంటే ఇది. వడపోత మీది మూత తీసివేయడం కాదు.

1970లలో పెట్రోలు ధర పెరగడంతో జీపు డీజిలు వైపు తిరిగింది. మహీంద్రా 1960ల నుంచి ట్రాక్టర్లు కూడా చేస్తుండడం వలన ట్రాక్టరు వంశపు డీజిలు ఇంజను జీపులోకి ఎక్కింది; 1980లలో పెజో సాంకేతికతతో చేసిన 2.1 లీటర్ల డీజిలు ఇంజను వచ్చింది. ఈ కాలంలోనే మన ప్రాంతంలో జీపు సర్కారు బండి స్థాయి నుంచి ప్రజల బండిగా మారింది. పాడేరు, అరకు ప్రాంతాల ఘాట్లలో, ఆదిలాబాదు అడవి గ్రామాల మధ్య బస్సు పోని చోట్ల జీపులే ప్రజారవాణా అయ్యాయి. ఒకవైపు రాయలసీమ ఎర్రమట్టి దుమ్ము, మరోవైపు వానాకాలపు వాగులు. విల్లీస్ రూపకర్తలు యుద్ధం కోసం ఊహించిన పరిస్థితులు మన పల్లెలకు నిత్యజీవితం.

ఈ దశలో జరిగిన మార్పులను లిఖిత ఆధారాలలో వెదకడం వృథా ప్రయాస. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పెట్రోలు జీపుకు డీజిలు ఇంజను ఎక్కించినప్పుడు పాత గొట్టం కొత్త ఇంజనుకు అందదు. దాన్ని కోసి, వంచి, వెల్డింగు చేసి, రబ్బరు గొట్టంతో కలిపి, క్లిప్పు బిగించాలి. ఆ అతుకు సరిగా కుదరకపోతే వడపోత ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. వడపోత దాటిన తరువాత గొట్టంలో సన్నని పగులున్నా గాలి అక్కడి నుంచే దుమ్ముతో సహా లోపలికి పోతుంది. ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలిసిన పనివారు ఎందరో ఉన్నారు. వారి పని ఇంజను ఆయుర్దాయంలో నమోదైంది గాని, కాగితం మీద కాలేదు.

డీజిలుతో ఆయిల్ బాత్‌కు ఒక ప్రమాదం కూడా తోడైంది. పెట్రోలు ఇంజనులో నూనె కాస్త ఎక్కువ పోస్తే నీలి పొగ వస్తుంది, అంతే. డీజిలు ఇంజనుకు లాగిన నూనే ఇంధనమవుతుంది. గీత దాటి నూనె పోసిన డబ్బా నుంచి ఇంజను దాన్ని పీల్చుకుంటే తాళంచెవి తిప్పినా ఆగకుండా, అదుపు తప్పి వేగం పెంచుకుంటూ పోయి పగిలిపోగలదు. గాలి నోరు మూసివేయడమే అప్పుడు దాన్ని ఆపే మార్గం. ‘కొంచెం ఎక్కువ పోస్తే మంచిదేలే’ అనే మన అలవాటుకు ఇక్కడ చోటు లేదు.

5. కాగితం నుంచి కోను దాకా:

1950ల ద్వితీయార్ధం నుంచి అమెరికా కార్లలో మడతల కాగితపు వడపోత ప్రవేశించింది. క్రమంగా అదే ప్రపంచమంతటా ప్రమాణమైంది. ఆయిల్ బాత్ సాధారణంగా 95 నుంచి 98 శాతం ధూళిని ఆపుతుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి వేగం చాలక ఇంకా తక్కువ ఆపుతుంది. మంచి కాగితపు వడపోత 99 శాతానికి పైగా ఆపుతుంది. చూడడానికి తేడా స్వల్పంగా కనిపిస్తుంది. కాని లెక్కించవలసింది ఆగినదాన్ని కాదు, దాటినదాన్ని. ఘనమీటరు గాలిలో ఒక గ్రాము ధూళి ఉందనుకుందాం. పైన చెప్పిన వంద కిలోమీటర్ల ప్రయాణంలో 90 గ్రాములు వడపోతను చేరుతాయి. 97 శాతం ఆపే వడపోత 2.7 గ్రాములను లోపలికి వదులుతుంది, 99.5 శాతం ఆపేది 0.45 గ్రాములను మాత్రమే. అంటే ఆరు రెట్ల తేడా. పాత జీపులో ఆయిల్ బాత్ తీసి కాగితపు వడపోత పెట్టించుకోవడం ఈ లెక్క ప్రకారం సమర్థనీయమైన మార్పే. కాగితానికి శత్రువు నీరు. దాన్ని నీటితో కడగడం, గట్టి గాలి కొట్టించి చిల్లులు పడేలా చేయడం మన దగ్గర సర్వసాధారణం. అలా ‘శుభ్రమైన’ వడపోత కంటే ఆయిల్ బాతే మేలు.

1969లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన కే అండ్ ఎన్ సంస్థ నూనె పట్టించిన నూలుగుడ్డ వడపోతలకు ప్రాచుర్యం తెచ్చింది. పందెపు మోటారు సైకిళ్లకు, కార్లకు అవి సరిపోయాయి. పందెపు ఇంజనును తరచుగా విప్పుతారు. అది లక్ష కిలోమీటర్లు తిరగనక్కరలేదు. ఆ సంస్కృతి నుంచి వచ్చినదే ఇప్పుడు పాత జిప్సీలకు, జీపులకు బిగిస్తున్న కోను ఆకారపు వడపోత. మూసిన పెట్టెను తీసేసి, కోనును బానెట్ కింద బహిరంగంగా నిలబెడతారు. శబ్దం గంభీరమవుతుంది. శక్తి పెరిగిందన్న భావన కలుగుతుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ భావనలో ఎక్కువ భాగం చెవికి సంబంధించినదే. కారణం భౌతికశాస్త్రంలో ఉంది. బయట 30 డిగ్రీలున్న గాలికి బదులు బానెట్ కింద 60 డిగ్రీలకు కాగిన గాలిని పీల్చితే గాలి సాంద్రత 9 శాతం తగ్గుతుంది. వడపోత అడ్డును తగ్గించి సాధించినది వేడి ద్వారా పోతుంది. పాత డీజిలు ఇంజనులో ప్రయోజనం మరీ తక్కువ. ఎందుకంటే అది మామూలుగానే అవసరానికి మించిన గాలి పీల్చుకుంటుంది. ఇంధనం ఎంత పోయాలన్నది పంపు నిర్ణయిస్తుంది. కార్బురేటరు బండిలో జెట్లు సరిచేయకుండా గాలి మార్గం ఒక్కటే మారిస్తే మిశ్రమం పలచనవుతుంది.

అబూకిర్ పనివారి కొలబద్దను ఇక్కడ వర్తింపజేస్తే ఫలితం స్పష్టం. వారు రక్షణను వదలకుండా అడ్డును తగ్గించారు. ఇక్కడ రక్షణ తగ్గుతోంది, వేడి పెరుగుతోంది. జీపు అసలు ఏ లక్షణం వల్ల జీపు అయిందో ఆ లక్షణాన్నే ఈ మార్పు బలహీనపరుస్తోంది.

6. ఎత్తిన గొట్టం – అవసరం, అలంకారం:

1980లో జీపులతో మొదలై, 1981 నుంచి 1998 వరకు ల్యాండ్ రోవర్లతో సాగిన కామెల్ ట్రోఫీ సాహసయాత్రల ఛాయాచిత్రాలు స్నార్కెల్‌ను ఒక చిహ్నంగా మార్చాయి. బురదలో మునిగిన పసుపు బండి, పక్కన నిలువు గొట్టం. ఆస్ట్రేలియాలో అది అవసరం. వాగులూ ఉన్నాయి, వరుసలో పోయే బండ్ల దుమ్మూ ఉంది. నేలకు దగ్గరగా ఉండే దట్టమైన దుమ్ము కంటే పైకప్పు ఎత్తున గాలి తేటగా ఉంటుంది. వర్తకులు చెప్పే మరో లాభం, వేగానికి గాలి తనంతట తోసుకువస్తుందన్నది, లెక్కకు నిలవదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కూడా ఆ తోపుడు వాతావరణ పీడనంలో అర శాతానికి చేరదు.

నీటి విషయం మాత్రం నిజమైనది. గాలి కుదించుకుపోతుంది, నీరు కుదించుకుపోదు. తిరుగుతున్న ఇంజను సిలిండరులోకి నీరు వస్తే పిస్టను పైకి రాలేదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు అనేక వాహనాలు నీటిలో ఉండిపోయాయి. అలా మునిగిన బండిని నీరు తీయకుండా స్టార్టు చేయడమే తరచు అసలు నష్టాన్ని కలిగిస్తుంది. అయితే గొట్టం ఎత్తినంత మాత్రాన బండి నీటికి తట్టుకుంటుందనుకోవడం పొరపాటు. వడపోత పెట్టె అడుగున నీరు కారడానికి కంపెనీవారు పెట్టిన రంధ్రం అలాగే ఉంటే నీరు అక్కడి నుంచే లోపలికి వస్తుంది. ఇరుసుల గాలి గొట్టాలు కిందే ఉంటే గేరు ఆయిల్‌లో నీరు కలుస్తుంది. మార్కెట్లో దొరికే నిలువు గొట్టాలలో కొన్ని అసలు వడపోత పెట్టెకు కలపకుండా మడ్‌గార్డు మీద స్క్రూలతో బిగించినవే. నార్మండీలో ఒడ్డు చేరాక పీకేసిన గొట్టానికి ఉన్న గౌరవం వీటికి లేదు.

7. చట్టం, అసలుదనం, మాట:

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును కఠినంగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం ద్వారా అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించే వీలు కలిగింది. గొట్టం, వడపోత రిజిస్ట్రేషను పత్రంలో నమోదయ్యే వివరాలు కావు. కాని మడ్‌గార్డును కోసి బిగించిన స్నార్కెల్ చూసే అధికారి దృష్టిని బట్టి తీర్పు మారే స్థితిలో ఉంది. డీజిలు ఇంజను ఎక్కించిన పాత జీపుల తరం మొత్తం ఈ వెలుగులో అనుమానితంగా మిగిలింది. ఆ మార్పులు పల్లె రవాణాను నిలబెట్టాయన్న సంగతిని చట్టం లెక్కించదు.

పాత జీపులను పునరుద్ధరించేవారు మరో ప్రశ్నను ఎదుర్కొంటున్నారు. అసలు ఆయిల్ బాత్ డబ్బా నిలుపుకోవాలా, ఇంజనుకు మేలైన కాగితం పెట్టాలా? పాత డబ్బాను పైకి అలాగే ఉంచి లోపల కాగితపు గుండ్రని వడపోతను అమర్చే పద్ధతి కొందరు అనుసరిస్తున్నారు. బానెట్ ఎత్తినవారికి 1940ల రూపం కనబడుతుంది; ఇంజనుకు నేటి రక్షణ దొరుకుతుంది. తీసివేయగల మార్పు కనుక ఇందులో చరిత్రకు నష్టం లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఇక మాట సంగతి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను, 1971 నాటి రెండో సంపుటం చేనేత పదాలను సేకరించాయి. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు జరిగిన ఆ పని మోటారు షెడ్డు మాటలకు అంత లోతుగా జరగవలసి ఉంది. ‘వాయుశోధకం’ వంటి కల్పిత పదం ఏ షెడ్డులోను వినపడదు. అక్కడ వినిపించేవి ఇంజను ‘ఆయిల్ తాగడం’, ‘పొగ కొట్టడం’, ‘బోరుకు రావడం’, ‘గాలి పట్టడం’, ఫిల్టరు ‘దులపడం’. ఇంగ్లీషు నామవాచకానికి తెలుగు క్రియ తోడై, యంత్రానికి తాగే నోరూ పీల్చే ముక్కూ ఇచ్చిన ఈ పలుకుబడిని, ఆయిల్ బాత్ డబ్బా కడిగిన చేతులు ఇంకా పనిచేస్తుండగానే, ఆటోనగర్ షెడ్లలో కూర్చుని రాసుకోవలసి ఉంది.